కొలెస్ట్రాల్ మాత్రలు మతిమరుపు తెస్తాయా? ఒకే ప్రశ్నలో దాగిన మూడు ప్రశ్నలు

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో వచ్చే సమాచార పత్రాన్ని ఓపిగ్గా చివరిదాకా చదివితే కండరాల నొప్పి, కాలేయం, షుగర్ గురించిన హెచ్చరికల తర్వాత జ్ఞాపకశక్తి తగ్గడం, గందరగోళం అనే మాటలు కూడా కనిపిస్తాయి. గుండె కోసం వేసుకుంటున్న మాత్ర మతి మీదికి వస్తుందా అని టెన్షన్ మొదలవుతుంది. ఇంకోచోట చూస్తే ఇవే మాత్రలు డిమెన్షియా (మతి క్రమంగా దెబ్బతినే జబ్బు) రాకుండా కాపాడతాయన్న వార్త ఉంటుంది. డాక్టర్‌ని అడిగితే "అలాంటిదేం లేదు, వేసుకోండి" అంటారు. ముగ్గురూ ఒకే మాత్ర గురించి మాట్లాడుతున్నారు కానీ ఒకే ప్రశ్నకు జవాబివ్వడం లేదు.

ఇక్కడ కలిసిపోయినవి మూడు ప్రశ్నలు. మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాల్లో కొంతమందికి బుర్ర మొద్దుబారినట్టు అనిపిస్తుంది కదా, అది మాత్ర పనేనా? ఏళ్ల తరబడి వాడితే డిమెన్షియా ముప్పు పెరుగుతుందా? లేక తగ్గుతుందా? ఒక్కోదానికి ఉన్న ఆధారాలు వేరు, వాటి బలం కూడా వేరు. ఒకదాని జవాబు తీసుకెళ్లి ఇంకోదానికి అతికిస్తేనే చిక్కు.

## మాత్ర ఎక్కడ పనిచేస్తుంది

శరీరానికి కావలసిన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తినేది కాదు, శరీరమే తయారు చేసుకునేది. అందులో కాలేయానిది పెద్ద వాటా. ఆ తయారీలో హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ కీలకం. స్టాటిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. కాలేయ కణాల్లో కొలెస్ట్రాల్ తగ్గగానే, అవి తమ ఉపరితలం మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లనే పట్టుకునే ప్రోటీన్లను పెంచుకుని రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే 'చెడు' కొలెస్ట్రాల్‌ను, లోపలికి లాక్కుంటాయి. ఈ రిసెప్టర్ల సంగతి తేల్చిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టెయిన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో ఒక బూజులో తొలి స్టాటిన్‌ను కనిపెట్టారు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కు అనుమతి దొరికింది. ఆ తర్వాత సిమ్వాస్టాటిన్, ప్రావాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వచ్చాయి.

గుండె విషయంలో వీటి మేలు మీద పెద్దగా వివాదం లేదు. ఎల్‌డీఎల్ డెసీలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు ఐదింట ఒక వంతుకు పైగా తగ్గుతున్నాయని లక్షకు పైగా మంది పాల్గొన్న ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణల్లో తేలింది.

## మెదడుకు కొలెస్ట్రాల్‌తో ఏం పని

భయానికి మూలం ఇక్కడుంది, అది వట్టి భయం కాదు. మెదడు బరువు శరీరం బరువులో 2 శాతమే అయినా, శరీరంలోని మొత్తం కొలెస్ట్రాల్‌లో దాదాపు 20 నుంచి 25 శాతం అక్కడే ఉంటుంది. నరాల తంతువుల చుట్టూ ఉండే మైలిన్ పొరకు, నరాల కణాలు ఒకదానితో ఒకటి కలిసే సంధులకు కొలెస్ట్రాల్ కావాలి. దాన్ని తయారుచేసుకోలేని పుట్టుక జబ్బు ఒకటుంది, స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ సిండ్రోమ్. ఆ పిల్లల్లో చాలామందికి మానసిక ఎదుగుదల దెబ్బతింటుంది. కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే మందు మెదడుకు ఏం చేస్తుందోనని అడగడం అందుకే సబబైన ప్రశ్న.

అయితే మెదడు తన కొలెస్ట్రాల్‌ను రక్తం నుంచి తీసుకోదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను ఎల్‌డీఎల్ కణం దాటలేదు. మెదడు తనకు కావలసింది అక్కడే తయారు చేసుకుంటుంది, అది కూడా చాలా నింపాదిగా. పెద్దవాళ్ల మెదడులో ఒకసారి చేరిన కొలెస్ట్రాల్ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కాబట్టి రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ 160 నుంచి 70కి పడిపోయిందంటే మెదడులో కూడా అంత పడిపోయిందని కాదు.

మరి మాత్రే మెదడులోకి వెళితే? సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ కొవ్వులో కరిగే రకం. ఇవి అడ్డుగోడను దాటడం కొంత తేలిక. ప్రావాస్టాటిన్, రోసువాస్టాటిన్ నీటిలో కరిగేవి, అంత తేలిగ్గా దాటవు. ఈ తేడా నిజంగా ముఖ్యమైతే మొదటి రకం వాడేవాళ్లలోనే ఇబ్బంది ఎక్కువ కనిపించాలి. ఈ ఊహను పరీక్షించవచ్చు. కొంచెం కింద అదే చూద్దాం.

## హెచ్చరిక ఎలా వచ్చింది

2003లో కొందరు పరిశోధకులు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు చేరిన ఫిర్యాదులను జల్లెడ పట్టి, స్టాటిన్ వాడుతూ మతిమరుపు వచ్చిన 60 మంది వివరాలను బయటపెట్టారు. అందులో 36 మంది సిమ్వాస్టాటిన్, 23 మంది అటోర్వాస్టాటిన్, ఒక్కరు ప్రావాస్టాటిన్ వాడినవాళ్లు. మాత్ర మానేశాక ఏమైందో తెలిసిన 25 మందిలో 14 మందికి మెరుగనిపించింది. మళ్లీ వేసుకుని చూసిన నలుగురికీ సమస్య తిరిగొచ్చింది. ఈ చివరి వాక్యాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

2012 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ఈ విషయాన్ని సమాచార పత్రంలో చేర్పించింది. అందులో అసలు ఏం చెప్పారో చాలామంది చదవరు. అరుదుగా జ్ఞాపకశక్తి తగ్గడం, మరుపు, గందరగోళం నమోదయ్యాయి, సాధారణంగా అవి తీవ్రమైనవి కావు, మందు మానేస్తే పోతాయి. అవి ఒక్క రోజులో మొదలవ్వొచ్చు, ఏళ్ల తర్వాత మొదలవ్వొచ్చు. మానేశాక తగ్గడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 3 వారాలు. ముదిరే డిమెన్షియాకూ దీనికీ సంబంధం కనిపించలేదని కూడా ఎఫ్‌డీఏ అప్పుడే చెప్పింది. వార్తల్లోకి మాత్రం మొదటి సగమే ఎక్కువగా వెళ్లింది.

## ఫిర్యాదుల లెక్కలో ఉన్న లోపం

ఒక ఊహాలెక్క వేద్దాం. మధ్యవయసు దాటిన 1,000 మంది ఒకే నెలలో స్టాటిన్ మొదలుపెట్టారు. ఏ మందూ వాడకపోయినా, ఆ వయసువాళ్లలో ఏ నెలలోనైనా నూటికి ఇద్దరు "ఈమధ్య మరుపు ఎక్కువైంది" అని దిగులు పడతారనుకుందాం. అంటే మాత్రకు ఏ దోషమూ లేకపోయినా మొదటి నెలలో 20 మందికి మరుపు వస్తుంది. ఆ 20 మందీ కొత్తగా వచ్చింది ఏమిటా అని వెనక్కి చూస్తే కనిపించేది మాత్రే. వాళ్లలో 12 మంది మానేశారనుకోండి. మరుపు రోజూ ఒకేలా ఉండేది కాదు. నిద్ర, ఒత్తిడి, జ్వరం, పని భారం బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ఎక్కువైనప్పుడే మానేస్తాం గనుక, ఆ తర్వాత ఎటూ కొంత తగ్గుతుంది. 12 మందిలో 8 మంది "మానేశాక బాగైంది" అంటారు. కాకతాళీయంగా జరిగింది కాస్తా ఎనిమిది సాక్ష్యాలవుతుంది. ఏ ఒక్కరూ అబద్ధం చెప్పలేదు.

దీని అర్థం ఫిర్యాదులన్నీ అపోహలని కాదు. నిజమైన దుష్ప్రభావం ఉన్నా ఫిర్యాదులు ఇలాగే ఉంటాయి, లేకపోయినా ఇలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే మాత్ర వేసుకోని వాళ్లతో పోల్చాలి.

ఎవరితో పోలుస్తున్నామన్నది కూడా ఎంత ముఖ్యమో 2015లో వచ్చిన ఒక బ్రిటన్ అధ్యయనం చూపించింది. నా లెక్కలో ఈ వివాదం మొత్తంలో తెలివైన పోలిక ఇదే. 4,82,543 మంది స్టాటిన్ మొదలుపెట్టినవాళ్లను, ఏ కొలెస్ట్రాల్ మందూ వాడని అంతే మందితో పోల్చారు. మొదటి 30 రోజుల్లో ఉన్నట్టుండి మతిమరుపు నమోదయ్యే అవకాశం స్టాటిన్ గుంపులో నాలుగు రెట్లకు పైగా తేలింది. ఇక్కడితో ఆగితే స్టాటిన్ దోషి. కానీ వాళ్లు ఇంకో పోలిక కూడా చేశారు. స్టాటిన్ కాని ఇతర కొలెస్ట్రాల్ మందులు మొదలుపెట్టిన 26,484 మందితో పోల్చి చూస్తే తేడా దాదాపు సున్నా. వాళ్లలోనూ మొదటి నెలలో మతిమరుపు అలాగే పెరిగింది.

ఆ ఇతర మందుల్లో కొన్ని పేగుల్లోనే ఉండిపోయి రక్తంలోకి కూడా చేరవు. మెదడు దాకా చేరని మందూ, చేరే మందూ ఒకే ఫలితం ఇస్తున్నాయంటే రెండు వివరణలు మిగులుతాయి. కొలెస్ట్రాల్ మందులన్నీ, పనితీరు ఏదైనా, మతిమరుపు తెస్తాయి. లేదా కొత్త మందు మొదలుపెట్టినవాళ్లు తమను తాము ఎక్కువగా గమనించుకుంటారు, డాక్టర్‌ను ఎక్కువసార్లు కలుస్తారు, అందుకే ఎక్కువగా నమోదవుతుంది. పరిశోధకులు రెండింటినీ ప్రస్తావించారు. నాకు రెండోదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

## ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చే ఇబ్బంది

మందేమీ లేని ఉత్తుత్తి మాత్రను ప్లాసిబో అంటారు. కీడు జరుగుతుందని ఎదురుచూసినప్పుడు ఆ ఉత్తుత్తి మాత్రతోనే కీడు అనిపించడాన్ని నోసిబో అంటారు. లండన్‌లో జరిగిన సామ్సన్ అనే ట్రయల్ 2020లో దీన్ని కొలిచి చూపించింది. దుష్ప్రభావాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని ఒక్కొక్కరికి 12 సీసాలు ఇచ్చారు. నాలుగింటిలో అటోర్వాస్టాటిన్, నాలుగింటిలో ప్లాసిబో, నాలుగు ఖాళీ. నెలకో సీసా, వరస మాత్రం కలగాపులగం. ఫోన్‌లో రోజూ తమ ఇబ్బందికి 100కు ఇన్ని అని మార్కులు వేయాలి.

ఖాళీ సీసా నెలల్లో సగటు 8. స్టాటిన్ నెలల్లో 16.3. అంటే ఇబ్బంది నిజంగానే రెట్టింపయింది, వాళ్లు ఊహించుకుని చెప్పినది కాదు. కానీ ప్లాసిబో నెలల్లో సగటు 15.4. మాత్ర వేసుకోవడం వల్ల పెరిగిన ఇబ్బందిలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. తమ సొంత లెక్కలు చూసుకున్నాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

ఇందులో ఒక పరిమితి ఉంది. సామ్సన్ అన్ని రకాల ఇబ్బందులనూ కలిపి కొలిచింది, జ్ఞాపకశక్తి ఒక్కదాన్నే కాదు. 60 మంది సగటు అంటే ఆ 60లో ఏ ఒక్కరికీ నిజమైన సమస్య లేదని కూడా కాదు.

## పెద్ద ట్రయల్స్ ఏం చెప్పాయి

ఎవరికి మందు, ఎవరికి ప్లాసిబో అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించి, రోగికీ డాక్టర్‌కీ తెలియకుండా నడిపే ట్రయల్‌లో పైన చెప్పిన లోపాలు చాలావరకు పోతాయి. హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 20,536 మంది సుమారు 5 ఏళ్లు పాల్గొన్నారు. మందు సిమ్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు, అంటే మెదడులోకి తేలిగ్గా వెళ్లే రకం. ట్రయల్ చివర్లో ఫోన్ ద్వారా జ్ఞాపకశక్తి, ఆలోచనా పరీక్ష పెట్టారు. తక్కువ మార్కులు వచ్చినవాళ్లు స్టాటిన్ గుంపులో 23.7 శాతం, ప్లాసిబోలో 24.2 శాతం. డిమెన్షియా ఒక్కో గుంపులో 31 మందికే. పైన అనుకున్న కొవ్వులో కరిగే రకం ఊహకు ఇది గట్టి దెబ్బ. 2003 నివేదికలో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ పేర్లే ఎక్కువగా ఉండటానికి, అప్పట్లో ఎక్కువమంది వాడింది అవే కావడం కూడా కారణం కావచ్చు.

ప్రాస్పర్ ట్రయల్‌లో 70 నుంచి 82 ఏళ్ల మధ్యవాళ్లు 5,804 మంది. ప్రావాస్టాటిన్‌తో సగటున 3.2 ఏళ్లు. జ్ఞాపకం, శ్రద్ధ, వేగం కొలిచే పరీక్షలు పదేపదే పెట్టినా రెండు గుంపులూ ఒకే తీరున తగ్గుతూ వచ్చాయి.

వ్యతిరేక ఫలితం ఒక్కటీ లేదా అంటే ఉంది. 2000లో వచ్చిన ఒక చిన్న అమెరికా ట్రయల్‌లో 209 మంది ఆరోగ్యవంతులు 6 నెలలు లోవాస్టాటిన్ గానీ ప్లాసిబో గానీ వేసుకున్నారు. ఒకే తరహా పరీక్ష రెండోసారి రాస్తే అలవాటు వల్ల ఎవరికైనా కాస్త మెరుగైన మార్కులు వస్తాయి. ప్లాసిబో గుంపుకు శ్రద్ధ, వేగం పరీక్షల్లో అలా వచ్చాయి. లోవాస్టాటిన్ గుంపుకు ఆ మెరుగు రాలేదు. రోజువారీ జీవితంలో ఎవరూ పట్టుకోలేనంత చిన్న తేడా అది. అయినా విమర్శకుల వాదనకు ఇది ఊతమిస్తుంది. పెద్ద ట్రయల్స్‌లో ఫోన్ పరీక్షలు మోటు కొలతలు, సూక్ష్మమైన మార్పును అవి పట్టలేవు, పైగా మొదట్లోనే ఇబ్బంది పడినవాళ్లను కొన్ని ట్రయల్స్ ముందే పక్కన పెడతాయి అంటారు వాళ్లు. ఈ రెండో మాట హార్ట్ ప్రొటెక్షన్ స్టడీకి సరిపోతుంది. అసలు ట్రయల్‌కు ముందు కొన్ని వారాలు అందరికీ సిమ్వాస్టాటిన్ ఇచ్చి చూసి, కొనసాగలేనివాళ్లను వదిలేశారు.

సూక్ష్మమైన కొలత కావాలన్న వాదనకు కొంత జవాబు ఇంకో మందు నుంచి వచ్చింది. ఎవోలోకుమాబ్ అనేది పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్. స్టాటిన్ మీద అదనంగా ఇస్తే ఎల్‌డీఎల్‌ను మునుపెన్నడూ చూడనంత కిందికి దించుతుంది. 2017లో వెలువడిన ఎబింగ్‌హాస్ అధ్యయనం ముందే పక్కాగా జ్ఞాపకశక్తి కోసమే రూపొందించినది, కంప్యూటర్ మీద వివరమైన పరీక్షలు పెట్టింది. 1,204 మందిని మధ్యస్థంగా 19 నెలలు చూశారు. ఎల్‌డీఎల్ 25 కంటే కిందికి పోయినవాళ్లలో కూడా తేడా కనిపించలేదు. 2006లో వైద్యులు వర్ణించిన ఒక 32 ఏళ్ల మహిళ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆమె శరీరంలో పుట్టుకతోనే పీసీఎస్‌కే9 పనిచేయదు. ఎల్‌డీఎల్ 14. కాలేజీ చదువు పూర్తిచేసిన ఆరోగ్యవంతురాలు. ఒక్కరి కథ దేన్నీ రుజువు చేయదు, కానీ రక్తంలో ఎల్‌డీఎల్ తక్కువైతే మెదడు ఆకలితో మాడుతుందన్న మాటకు మాత్రం ఇది ఎదురు నిలుస్తుంది.

## మరి డిమెన్షియా నుంచి కాపాడతాయా

2000లో బ్రిటన్ సమాచారంతో వచ్చిన ఒక పరిశీలన స్టాటిన్ వాడేవాళ్లలో డిమెన్షియా సుమారు 70 శాతం తక్కువ అంది. అంత గొప్ప ఫలితం చూస్తే అనుమానం రావాలి. మరుపు మొదలైనవాళ్లు మాత్రలు వేసుకోవడం మరిచిపోతారు, వాళ్లకు డాక్టర్లు కొత్తగా దీర్ఘకాలపు మందులు రాయడమూ తక్కువే. దాంతో డిమెన్షియా వచ్చినవాళ్లలో స్టాటిన్ వాడేవాళ్లు తక్కువ కనిపిస్తారు. మాత్ర కాపాడిందన్న భ్రమ అక్కడ పుడుతుంది. ఇదే తిరగేసి కూడా జరుగుతుంది. డిమెన్షియా బయటపడటానికి ఏళ్ల ముందే బరువు, కొలెస్ట్రాల్ తగ్గడం మొదలవుతుంది. పెద్దవయసులో రక్తం పరీక్షించినవాళ్లకు 'తక్కువ కొలెస్ట్రాల్ వల్లే డిమెన్షియా' అన్నట్టు కనిపిస్తుంది.

ట్రయల్స్ ఈ ఆశను నిలబెట్టలేదు. ముదిమిలో ఇచ్చిన స్టాటిన్ డిమెన్షియాను ఆపలేదని వైద్య ట్రయల్స్‌ను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2016లో తేల్చింది. అప్పటికే అల్జీమర్స్ ఉన్నవాళ్లకు అటోర్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు ఇచ్చి చూసినా ఉపయోగం లేకపోయింది.

ఇంతలో 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు మార్చగల 14 ముప్పుల జాబితాలో మధ్యవయసులో ఎక్కువ ఎల్‌డీఎల్‌ను కొత్తగా చేర్చింది. దాదాపు 7 శాతం కేసులు దానికి ముడిపడి ఉండొచ్చని అంచనా. ఇది ట్రయల్స్‌తో విభేదిస్తోందా? అలా అనక్కర్లేదు. ఒకరు 45 ఏళ్ల నుంచి 30 ఏళ్ల పాటు మోసిన ఎల్‌డీఎల్ గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు 75 ఏళ్లకు మొదలుపెట్టి 3 ఏళ్లు ఇచ్చిన మాత్ర గురించి. 30 ఏళ్ల ప్లాసిబో ట్రయల్ ఎవరూ నడపలేరు.

ఇంకో మెలిక షుగర్. స్టాటిన్ షుగర్ జబ్బు ముప్పును కాస్త పెంచుతుంది, ఇది ట్రయల్స్‌లో రుజువైంది. 2010 నాటి విశ్లేషణలో 255 మందికి 4 ఏళ్లు ఇస్తే అదనంగా ఒకరికి షుగర్ వచ్చింది. షుగర్ మళ్లీ డిమెన్షియా ముప్పుల్లో ఒకటి. మరోవైపు పక్షవాతం కూడా డిమెన్షియాకు దారే, దాన్ని స్టాటిన్ తగ్గిస్తుంది. 

## ఒక మనిషి విషయానికి వస్తే

సగటు లెక్కలు ఒక మనిషికి జవాబు చెప్పవు. 62 ఏళ్ల వ్యక్తి స్టాటిన్ మొదలుపెట్టిన రెండు నెలలకు పేర్లు గుర్తురావడం లేదని, అలసటగా ఉందని, కండరాలు పట్టేస్తున్నాయని వచ్చాడనుకుందాం. అనుభవమున్న డాక్టర్ ముందు థైరాయిడ్ పరీక్ష చూస్తారు. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, మతి మందగిస్తుంది, కండరాలూ నొప్పి పుడతాయి. అంటే మాత్రకు కారణమైన జబ్బే మరుపుకూ కారణం కావచ్చు, మాత్ర మధ్యలో ఇరుక్కుంది. బీ12 లోపం, డిప్రెషన్, నిద్రలో శ్వాస ఆగే సమస్య, ఎలర్జీకి వాడే కొన్ని పాత రకం మందులు, మూత్రం ఆపుకోలేని సమస్యకు ఇచ్చే మందులు కూడా ఇదే తీరు తెస్తాయి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ సిమ్వాస్టాటిన్ మోతాదును రక్తంలో అమాంతం పెంచగలదు, కాబట్టి కొత్తగా కలిసిన మందుల జాబితా కూడా ముఖ్యమే.

ఇవేవీ కాకపోతే కొందరు డాక్టర్లు మాత్రను కొన్నాళ్లు ఆపించి, తర్వాత మళ్లీ ఇచ్చి, అవసరమైతే నీటిలో కరిగే రకానికి మార్చి చూస్తారు. ఒక్కసారి ఆపి బాగైందనడం కంటే, ఆపడం-ఇవ్వడం రెండు మూడు సార్లు చేసి ప్రతిసారీ అదే జరిగిందనడం బలమైన సాక్ష్యం. ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లలో ఈ ఆపడం కూడా లెక్క వేసి చేయాల్సిన పని. డెన్మార్క్‌లో 6 లక్షలకు పైగా స్టాటిన్ వాడకందార్ల రికార్డులు చూసిన అధ్యయనంలో, స్టాటిన్‌ల మీద చెడు వార్తలు వచ్చినప్పుడు తొందరగా మానేసేవాళ్లు పెరిగారు. అలా మానేసినవాళ్లలో గుండెపోటు ముప్పు 26 శాతం ఎక్కువగా కనిపించింది.

75 దాటినవాళ్ల ప్రశ్న వేరే. గుండె జబ్బు లేకుండా, ముందుజాగ్రత్తగా మాత్ర వేసుకునే ఆ వయసువాళ్లు పాత ట్రయల్స్‌లో చాలా తక్కువ. అందుకే ఆస్ట్రేలియాలో 70 దాటినవాళ్లతో స్టారీ, అమెరికాలో 75 దాటినవాళ్లతో ప్రివెంటబుల్ అనే ట్రయల్స్ మొదలుపెట్టారు. రెండింట్లోనూ మందు అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు. ప్రివెంటబుల్‌లో ముందుగా లెక్కించేది గుండెపోట్లను కాదు. డిమెన్షియా గానీ శాశ్వత వైకల్యం గానీ లేకుండా ఎంతమంది బతికి ఉన్నారన్నది.